రంగం చమురులో మన కూలీ

పల్లెల్లో బుడ్డిదీపాలకి పోసిన కిరసనాయిలు ఒకప్పుడు బర్మా నుంచి కూడా వచ్చేది. రంగం దగ్గరి సిరియం రిఫైనరీలో దాన్ని శుద్ధిచేసిన కూలీల్లో ఎక్కువమంది ఇండియా నుంచి ఓడెక్కి పోయినవాళ్ళు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. చమురు చరిత్రని కంపెనీ చరిత్రగానే రాశారు గనక ఈ సంగతి మన చదువులో ఎక్కడా తగల్లేదు.

యెనాంజాంగ్‌లో చేత్తో తవ్విన చమురు బావులు ఇంగ్లీషువాళ్ళు రాకముందే ఉన్నాయి. 24 కుటుంబాలకి వాటిమీద వంశపారంపర్య హక్కు. 1886లో బర్మా మొత్తం బ్రిటిషువాళ్ళ చేతికొచ్చింది. ఆ ఏడే గ్లాస్గోలో బర్మా ఆయిల్ కంపెనీ పుట్టింది. 1902లో అమెరికా స్టాండర్డ్ ఆయిల్ తవ్వుకుంటామని అడిగితే సర్కారు కుదరదంది. 1905లో బ్రిటిషు నౌకాదళం తన ఓడల ఇంధనానికి ఈ కంపెనీతోనే ఒప్పందం చేసుకుంది. ఎవరు తవ్వాలో, ఎవరికి అమ్మాలో అన్నింట్లోనూ సర్కారు చెయ్యి ఉంది.

కూలివాడి దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యి కనపడదు. రంగంలో తెలుగు కూలీని చాలామట్టుకు మేస్త్రీకి వదిలేశారు. ఓడ చార్జీకి మేస్త్రీ అడ్వాన్సిస్తాడు, ఆ అప్పుతో మనిషి కట్టుబడిపోతాడు. జీతం మేస్త్రీ చేతిమీదుగా, కోతలు పోను అందుతుంది. 1929-31 నాటి రాయల్ లేబర్ కమిషన్ ముందుకీ ఈ పద్ధతి వచ్చింది.

బర్మాలో మనవాణ్ణి 'కోరంగీ' అన్నారు. కాకినాడ పక్కనున్న రేవు పేరది. ఆ పేరులో మాలా లేడు, మాదిగా లేడు. సముద్రం దాటితే కులం పోయిందని కొందరంటారు, మేం ఒప్పుకోం. రంగంలో పాకీపనికి దొరికిందీ తెలుగువాడే కదా!

బావుల దగ్గర ఎక్కువగా బర్మా కార్మికులు, రిఫైనరీలో ఇండియన్లు. 1938లో చౌక్, యెనాంజాంగ్ కార్మికులు సమ్మె చేసి, నవంబరు 30న సుమారు 400 మైళ్ళ దూరంలోని రంగానికి కాలినడకన బయల్దేరారు. అప్పటి ప్రధాని బా మా 'పేదల పార్టీ' నాయకుడు! అయినా దారిలో మాగ్వే దగ్గర విద్యార్థి నాయకుల్ని అరెస్టు చేశారు. డిసెంబరు 20న రంగం సెక్రటేరియట్ ముందు పోలీసుల లాఠీదెబ్బలు తిన్న విద్యార్థి ఆంగ్ జా చనిపోయాడు. ఆ ఏడే జూలైలో రంగంలో ఇండియన్ల మీద, ముఖ్యంగా ముస్లింల మీద అల్లర్లు జరిగాయి. పోరాటమూ, పగా ఒకే ఏడాది పక్కపక్కన నడిచాయి.

1942లో జపాను సేనలకి దక్కకూడదని సర్కారే రిఫైనరీనీ, బావుల్నీ ధ్వంసం చేయించింది. లక్షలమంది ఇండియన్లు బర్మా విడిచి వచ్చారు, అడవిదారుల్లో వేలమంది చచ్చిపోయారు. కంపెనీ నష్టపరిహారానికి కోర్టుకెళ్ళి 1964లో బ్రిటన్ ప్రభువుల సభ దాకా గెలిచింది. మరుసటేడు పార్లమెంటు చట్టం చేసి ఆ డబ్బు ఎగ్గొట్టింది. ఆ దావాలో లెక్కకొచ్చినవి బావులు, ట్యాంకులు, యంత్రాలు.