ఇంటి వీడియోకు వెలుతురు, మాటే ప్రాణం

జంగారెడ్డిగూడెం: శుభకార్యమైనా, పెద్దల ముచ్చట్లైనా సెల్‌ఫోన్‌లో చిత్రీకరించడం నేడు సర్వసాధారణమైంది. తీరా చూసుకుంటే ముఖాలు నల్లగా, మాటలు అస్పష్టంగా ఉండి నిరాశే మిగులుతోంది. తాతయ్య, నాయనమ్మల గొంతు దూరమైతే మళ్లీ దొరకదు. ఖరీదైన కెమెరా లేకున్నా కొద్దిపాటి జాగ్రత్తలతో వీడియో నాణ్యత పెంచుకోవచ్చు.

వెలుతురు: కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే కెమెరా వెనుక కాంతికి సర్దుకుని ముఖాన్ని నల్లగా చూపుతుంది. వారిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టాలి. 50 హెర్ట్జ్ విద్యుత్తుతో వెలిగే కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియకున్నా వీడియోలో అవి చారలుగా పడవచ్చు. అందుకే పగటి వెలుగు శ్రేయస్కరం.

శబ్దం: మసక బొమ్మను కొంతవరకు సరిదిద్దవచ్చు గానీ, ఫ్యాను హోరులో కలిసిన మాటను విడదీయడం కష్టం. ఫ్యాను, టీవీ ఆపి, ఫోన్‌ను రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంచాలి. ముందుగా పది సెకన్లు తీసి, వినిపిస్తోందో లేదో సరిచూసుకోవాలి.

స్థిరత్వం: లెన్స్‌ను మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, ఫోన్‌ను అడ్డంగా పెట్టి పుస్తకాల దొంతరకు ఆనించాలి. డిజిటల్ జూమ్ బొమ్మను సాగదీస్తుందే తప్ప వివరాన్ని పెంచదు. దగ్గరకు జరగడమే మేలు.

భద్రత: వాట్సప్‌లో మామూలుగా పంపిన వీడియో కుదించుకుపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు నాణ్యత నిలుస్తుంది. ఫోన్ పాడైనా, పోయినా వీడియో దక్కాలంటే కంప్యూటర్‌లో ఒకటి, విడిగా హార్డ్‌డిస్క్‌లో మరొకటి నకలు ఉంచుకోవాలి.