మూడున్నర మిల్లీమీటర్ల గాయం, తొమ్మిది రోజుల తేడా

మతిమరుపు జబ్బున్న అయినవాళ్లను కనిపెట్టుకుని ఉంటున్న ఆడవాళ్లు 13 మంది. దాదాపు అదే వయసు, అంతే ఆదాయం ఉండి, ఆ భారం లేనివాళ్లు మరో 13 మంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ 26 మందికీ మోచేతి కిందుగా, లోపలి వైపు, 3.5 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీశారు. మానేదాకా ఆ గాయాన్ని ఫొటోలు తీశారు, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి చూశారు. నురగ వస్తే ఇంకా పచ్చిగా ఉన్నట్టు, రాకపోతే మానినట్టు.

భారం లేనివాళ్లకు సగటున 39.3 రోజుల్లో మానింది. సేవలో ఉన్నవాళ్లకు 48.7 రోజులు పట్టింది. 1995లో వైద్య పత్రిక లాన్సెట్ ఈ ఫలితాలను ప్రచురించింది.

26 మందితో ఏం తేలుతుందని అడగొచ్చు, అడగాలి కూడా. అందుకే 1998లో అక్కడివాళ్లే వెలువరించిన మరో అధ్యయనం నాకు ఇంకా గట్టిగా కనిపిస్తుంది. 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిలి మీద ఇదే కొలత గాయం రెండుసార్లు చేశారు. ఒకటి వేసవి సెలవుల్లో, రెండోది పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు. ఇక్కడ ఎవరికి వాళ్లే పోలిక. పరీక్షలప్పుడు సగటున 3 రోజులు, అంటే 40 శాతం ఎక్కువ పట్టింది. సెలవుల్లో మానినంత త్వరగా ఒక్కరికి కూడా మానలేదు.

దిగులు, ఒత్తిడి వదలకుండా ఉంటే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్‌ను వదులుతూనే ఉంటాయి. గాయం దగ్గరికి రక్షక కణాలను పిలిచే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రోటీన్ తయారీని కార్టిసాల్ అణిచేస్తుంది. పరీక్షల రోజుల్లో ఆ విద్యార్థుల రక్తకణాల్లో ఆ ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే ఎంఆర్ఎన్ఏ 68 శాతం తగ్గింది. “అదంతా నీ మనసులోనే ఉంది, పట్టించుకోకు” అని తీసిపారేసేవాళ్లు ఈ అంకె ఒకసారి చూడాలి.

ఒంటి నుంచి మనసుకూ దారి ఉంది. అమెరికాలోనే డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 1999లో ప్రచురించిన అధ్యయనంలో డిప్రెషన్ ఉన్న 156 మందిని, అందరూ 50 ఏళ్లు, ఆపై వయసువాళ్లే, మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు వ్యాయామం, ఒక గుంపుకు డిప్రెషన్ మాత్ర, ఒక గుంపుకు రెండూ. మాత్రకు మొదట్లో గుణం త్వరగా కనిపించింది. 16 వారాలకు మాత్రం మూడు గుంపుల్లోనూ 60 శాతానికి పైగా తేరుకున్నారు. (వాడుతున్న మాత్రలు సొంతంగా ఆపేయడం ప్రమాదం.)

2005లో వెలువరించిన అధ్యయనంలో ఒహాయోవాళ్లు మళ్లీ అదే గాయంతో, ఈసారి 28 మంది పెద్దవాళ్లను పరీక్షించారు. వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున వ్యాయామం చేసినవాళ్లకు 29.2 రోజుల్లో మానింది. చేయనివాళ్లకు 38.9 రోజులు పట్టింది.

మంచాన పడ్డ మనిషిని చూసుకునే కూతురికో కోడలికో వారానికి ఆ మూడు గంటలు దొరకాలంటే, అంతసేపూ మంచం పక్కన ఇంకొకరు కూర్చోవాలి. చూడ్డానికి వచ్చినవాళ్లు పళ్లు చేతిలో పెట్టి, రోగిని పలకరించి వెళ్లిపోతారు. “నువ్వెళ్లి గంటసేపు నడిచి రామ్మా, ఇక్కడ నేనుంటాను” అని ఆమెతో అనడం ఇంకా మనకు అలవాటు కాలేదు.