మార్కులకు మెడల్, మంచితనానికి ముద్ర

పదో తరగతి పాసైన పిల్లలకు బడి వదిలేటప్పుడు చేతికొచ్చే కాగితాలు మూడు. మార్కుల మెమో, టీసీ, స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్. మెమోను ఇంటిల్లిపాదీ చదువుతారు, బంధువులకు ఫోన్లో పంపుతారు, లామినేషన్ చేయిస్తారు. టీసీ కాలేజీ వాళ్లు తీసేసుకుంటారు. మూడోదాన్ని బీరువాలో దాచేది లోకలా, నాన్‌లోకలా అని తేల్చే రోజు కోసం. ఏ తరగతి ఏ ఊళ్లో చదివారో అందులో వరుసగా రాసి ఉంటుంది మరి. ఆ పట్టిక కింద ‘ప్రవర్తన’ అని ఒక గీత ఉంటుంది. అక్కడ ‘గుడ్’ అనో ‘శాటిస్‌ఫాక్టరీ’ అనో రాసి, హెడ్మాస్టరు గారు సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేస్తారు. కొన్ని బళ్లలో ఆ ‘గుడ్’ కూడా ముందే అచ్చేసి ఉంటుంది.

ఫిట్స్ వచ్చే స్నేహితుణ్ని రెండేళ్లపాటు రోజూ ఇంటిదాకా దిగబెట్టిన పిల్లవాడికీ గుడ్డే. పక్కవాడి చేత హోంవర్కు రాయించుకుని నెట్టుకొచ్చినవాడికీ గుడ్డే. అయిదేళ్ల హైస్కూలు చదువులో ఒక పిల్ల ఎలాంటి మనిషిగా ఎదిగిందో చెప్పాల్సిన చోట ఒక్క మాట, అదీ అందరికీ ఒకటే.

అవనిగడ్డలో ఈ సంగతి మాట్లాడుకోవడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇది టీచర్లు తయారయ్యే ఊరు. డీఎస్సీ నోటిఫికేషన్ పడితే చాలు, రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చిన అభ్యర్థులతో ఇక్కడి హాస్టళ్లు, అద్దె గదులు, మెస్సులు నిండిపోతాయి. 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగినప్పుడూ అదే సందడి. వాళ్లు రాత్రింబవళ్లు బట్టీ పట్టే సైకాలజీ బిట్లలో కోల్‌బర్గ్ నైతిక వికాస సిద్ధాంతం తప్పకుండా ఉంటుంది. మూడు స్థాయిలు, ఆరు దశలు. శిక్షకు భయపడి తప్పు చేయకుండా ఉండటం ఏ దశ, నమ్మిన న్యాయం కోసం నిలబడటం ఏ దశ అని అడిగితే నిద్రలో లేపినా చెబుతారు. అదే అభ్యర్థి రేపు బళ్లో చేరాక పిల్లల నైతిక వికాసం గురించి రాయగలిగింది మాత్రం ఆ గీత మీద ఒక్క మాటే.

చదువుకు సత్కారాల కొరత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినా టాపర్లను పిలిచి సన్మానించే ఆనవాయితీ మారలేదు, పేరు మాత్రం మారుతూ వచ్చింది. ఒకప్పుడు ప్రతిభా అవార్డులు. అబ్దుల్ కలాం పేరుతో ఉన్న ఆ పురస్కారాలకు 2019 నవంబరులో వైఎస్సార్ విద్యా పురస్కారాలని పేరు మారుస్తూ జీవో వచ్చింది. విమర్శలు రావడంతో మర్నాడే ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేయించారు. 2023లో ‘జగనన్న ఆణిముత్యాలు’ వచ్చాయి. బడి స్థాయిలో మూడు వేలు, రెండు వేలు, వెయ్యి మొదలుకుని రాష్ట్ర స్థాయిలో మొదటి బహుమతి లక్ష రూపాయల దాకా. ప్రభుత్వం మారాక 2025 జూన్‌లో ‘షైనింగ్ స్టార్స్’. విద్యార్థికి 20 వేల రూపాయలు, పతకం, ప్రశంసాపత్రం. సర్కారు బడి పిల్లను వేదిక మీదికి పిలిచి, పక్కన తల్లిదండ్రులను నిలబెట్టి శాలువా కప్పడం చిన్న విషయం కాదు. కూలికి వెళ్లే తల్లి జిల్లా కలెక్టరు పక్కన ఫొటో దిగితే ఆ వీధిలో మరో నలుగురు ఆడపిల్లల చదువు ఆగకుండా సాగుతుంది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఈ పిలుపులన్నిటికీ గీటురాయి మార్కే.

ఆర్భాటం లేకుండా పనిచేసే గుర్తింపు ఇంకొకటుంది. ఎన్‌ఎంఎంఎస్ అని పిలిచే కేంద్ర స్కాలర్‌షిప్. సర్కారు, ఎయిడెడ్ బళ్లలో చదివే పేదింటి పిల్లలు ఎనిమిదో తరగతిలో ఈ పరీక్ష రాస్తారు. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12 వేలు, అంటే నెలకు వెయ్యి చొప్పున నాలుగేళ్లలో 48 వేలు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలో పడతాయి. దేశంలో ఏటా లక్ష మందికి ఇస్తారు, అందులో మన రాష్ట్రం వాటా 4,087. ఎనిమిది తర్వాత బడి మానేసే పిల్లలను నిలబెట్టడానికి పెట్టిన పథకం ఇది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, శాలువా కన్నా ఈ వెయ్యి రూపాయలే ఎక్కువ మందిని బళ్లో ఉంచుతాయి.

ఇక ఊరి స్థాయికి వద్దాం. ఆగస్టు 15న అవనిగడ్డ ఉన్న ఈ దివిసీమలో ఏ జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్లినా దృశ్యం దాదాపు ఒకటే. జెండా ఎగరేశాక బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద స్టీలు డబ్బాలు, షీల్డులు, రంగు కాగితం చుట్టిన నిఘంటువులు పేరుస్తారు. డ్రిల్లు మాస్టారు మైకు పుచ్చుకుని ఫలానా వారి ధర్మపత్ని కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం అంటూ దాత పేరు, దాత తండ్రి పేరు, ప్రస్తుతం దాత ఉంటున్న దేశం పేరు చదివి, చివర్న పదో తరగతి లెక్కల్లో ఫస్టొచ్చిన పిల్ల పేరు చదువుతాడు. ఆ పిల్ల అప్పటికే కాలేజీలో చేరి ఉంటుంది, బహుమతి కోసం సెలవు పెట్టి వచ్చి ఉంటుంది. ఎండలో కూర్చున్న చిన్న తరగతుల పిల్లల కళ్లు మాత్రం చాక్లెట్ల పెట్టె మీద.

ఈ స్మారక బహుమతుల వెనక బ్యాంకు డిపాజిట్లుంటాయి. అసలు కదలకూడదు, వడ్డీతో ఏటా బహుమతి ఇవ్వాలని షరతు. తొంభైల నడుమ పది వేలు డిపాజిట్ చేస్తే పన్నెండు శాతం వడ్డీకి ఏటా 1,200 వచ్చేది. అప్పట్లో మంచి బహుమతికి సరిపోయే సొమ్మది. ఇప్పుడు ఆరున్నర శాతం లెక్కన అదే పదివేల మీద వచ్చేది 650. షీల్డు, దండ, ఫొటోలకే చాలదు. దాత పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు, ఆ డిపాజిట్ ఒకటుందనే సంగతే వాళ్లకు గుర్తుండదు. తాతగారి పేరు మీద బహుమతి మాత్రం ఏటా కొంచెం చొప్పున చిక్కిపోతూ ఉంటుంది.

శీలం, సేవ ఎప్పుడూ లెక్కలోకి రాలేదని కాదు, ఈ ప్రాంతానికి ఆ చరిత్ర గట్టిగానే ఉంది. కృష్ణా జిల్లాలో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు సర్కారు గుమాస్తాలను తయారుచేసే చదువు వద్దనుకున్నారు. పుస్తకాలతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం నేర్పారు. బెంగాలు నుంచి వచ్చిన ప్రమోద కుమార చటర్జీ అక్కడే బొమ్మలు నేర్పాడు, తర్వాత అడివి బాపిరాజు ప్రిన్సిపాలుగా చేశారు, జెండా వెంకయ్యగా పేరుపడ్డ పింగళి వెంకయ్యా అక్కడ పాఠాలు చెప్పారు. మనిషిని తయారుచేయడమే చదువు పని అని నమ్మిన చోటు అది. బందరులోనే పుట్టిన విద్యావేత్త రఘుపతి వెంకటరత్నం నాయుడు గారిదీ అదే పట్టుదల. గురువు ఎలా బతుకుతాడో చూసి శిష్యుడు నేర్చుకుంటాడన్నది ఆయన బతుకంతా ఆచరించి చూపిన పద్ధతి.

ఇప్పటి బళ్లలో సేవకు మెట్లు కట్టి గుర్తింపు ఇచ్చే ఏర్పాటు ఏదైనా ఉందంటే అది స్కౌట్స్ అండ్ గైడ్స్. ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు, ఆ పైన రాజ్య పురస్కార్, చివరికి రాష్ట్రపతి పురస్కారం. ప్రథమ చికిత్స, ముడులు వేయడం, వంట, దారి కనుక్కోవడం లాంటి పనులు చేసి చూపితేనే బ్యాడ్జీ. రోజుకో మంచి పని చేయాలన్నది నియమం. ఇందులో మార్కు లేదు, ర్యాంకు లేదు. ఎక్కగలిగినవాళ్లంతా మెట్టెక్కవచ్చు, ఒకరు ఎక్కితే ఇంకొకరు దిగనక్కర్లేదు. దేశంలో బాలల సాహస పురస్కారాలకు మూలమైన సంఘటనలో ఉన్నదీ ఒక స్కౌటే. 1957 అక్టోబరు 2న ఢిల్లీ రాంలీలా మైదానంలో నెహ్రూ ఉన్న షామియానాకు నిప్పంటుకుంది. పద్నాలుగేళ్ల హరిశ్చంద్ర మెహ్రా స్తంభమెక్కి తన స్కౌటు కత్తితో కాలుతున్న గుడ్డను కోసేశాడు. ఇలాంటి పిల్లలను దేశమంతా గుర్తించాలన్న ఆలోచన అక్కడ మొదలైంది. ఇప్పుడు ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారాలు సాహసం, సమాజ సేవ, పర్యావరణం, క్రీడలు, కళలు, సైన్సు విభాగాల్లో ఇస్తున్నారు. 2024 డిసెంబరు 26న రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్న 17 మందిలో మంగళగిరికి చెందిన స్కేటింగ్ క్రీడాకారిణి కూడా ఉంది.

అమెరికాలో ఈ వ్యవహారం ఇంకో తీరు. అక్కడ 1921లో మొదలైన నేషనల్ ఆనర్ సొసైటీ హైస్కూలు విద్యార్థులను చేర్చుకునేందుకు నాలుగు చూస్తుంది: చదువు, సేవ, నాయకత్వం, శీలం. గ్రేడ్లు ఎంత బాగున్నా మిగతా మూడూ లేకపోతే కుదరదు. 2003లో అధ్యక్షుడి పేరుతో మొదలై, 2025లో నిలిపివేసిన వలంటీరు సేవా అవార్డుకైతే గంటల లెక్కే ఉండేది. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలు ఏడాదిలో 50 గంటలు సేవ చేస్తే కాంస్యం, 75 గంటలకు రజతం, 100 గంటలకు స్వర్ణం ఇచ్చేవారు. తెలుగు సంఘాల ఉగాది వేడుకల్లో కుర్చీలు సర్దే పిల్లలు, తెలుగు బడుల్లో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పిల్లలు ఈ గంటలు రాయించుకోవడం అక్కడి ఇళ్లలో మామూలుగా ఉండేది. కాలేజీ దరఖాస్తులో ఆ పతకం పనికొచ్చేది కూడా. పనికొచ్చేది కాబట్టే అమ్మానాన్నలు గంటలు లెక్కపెట్టేవారు. సేవ కాస్తా ఇంకో సబ్జెక్టు అయ్యేది.

సత్కారం ఎప్పుడూ మేలే చేస్తుందనుకోవడమూ పొరపాటే. కాలిఫోర్నియాలో 6 నుంచి 12 తరగతుల విద్యార్థులు 15 వేల మందికి పైగా పాల్గొన్న ఒక ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. అంతకుముందు ఏదో ఒక నెలలో ఒక్కరోజు కూడా బడి మానని పిల్లల్లో కొందరికి, ఫలానా నెలంతా వస్తే అవార్డు ఇస్తామని ముందుగా చెప్పారు. ఇంకొందరికి చెప్పకుండా, గతంలో మానకుండా వచ్చినందుకు ప్రశంసాపత్రం ఇచ్చారు. ముందు చెప్పినవాళ్ల హాజరులో తేడా రాలేదు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల హాజరు తర్వాతి నెలలో తగ్గింది! అందరికన్నా, బడి అడిగినదానికన్నా మనమే ఎక్కువ వస్తున్నామన్నమాట అని ఆ కాగితం వాళ్లకు చెప్పిందని పరిశోధకులు అర్థం చేసుకున్నారు. అవార్డు ఇవ్వగానే సరిపోదు. దేనికి ఇస్తున్నామో, ఆ కాగితం పిల్లకు ఏం చెబుతోందో చూసుకోవాలి.

దివిసీమకు ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీర గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ ఉప్పెనలో కనీసం పది వేల మంది చనిపోయారు. అప్పుడు వచ్చిన వలంటీర్ల గురించి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. తుపాను హెచ్చరిక వస్తే ఈనాటికీ హైస్కూలే పునరావాస కేంద్రం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వదిలినప్పుడు లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోయాయి. అలాంటి రోజుల్లో బెంచీలు జరిపేది, ముసలమ్మలకు చాపలు పరిచేది, అన్నం పొట్లాలు అందించేది చాలాసార్లు ఆ బడి పిల్లలే. నది దాటి బడికొచ్చే లంకల పిల్లలకు ఏటిపోటు రోజుల్లో హాజరు వేయించుకోవడమే ఒక సాధన. ఇవేవీ ఏ రిజిస్టరులోనూ ఎక్కవు. మర్నాడు నీళ్లు తీసి, బళ్లో బ్లీచింగ్ చల్లి, క్వార్టర్లీ పరీక్షల టైంటేబుల్ అంటిస్తారు.

2020 జాతీయ విద్యావిధానం వచ్చాక సమగ్ర ప్రగతి కార్డు అనే మాట వినిపిస్తోంది. పిల్ల గురించి టీచరే కాదు, తోటి విద్యార్థులూ, తల్లిదండ్రులూ, చివరికి ఆ పిల్లా రాయాలన్నది అందులోని ఆలోచన. మంచి ఆలోచనే, కానీ టిక్కులు పెట్టే గళ్లు పెరిగేకొద్దీ అదీ ఇంకో ‘గుడ్’ అయ్యే ప్రమాదం లేకపోలేదు. పిల్లల నడవడి నిజంగా తెలిసినవాళ్లు బళ్లోనే ఉంటారు. మధ్యాహ్న భోజనం వడ్డించే ఆయాలకు తెలుసు, ఎవరు పళ్లెం కడిగి పెడతారో, ఎవరు చిన్నవాళ్లను ముందు తిననిస్తారో. డ్రిల్లు మాస్టారికి తెలుసు, ఓడిపోయి కూడా చేయి కలిపేదెవరో. వాళ్లను అడిగి, జరిగిన పనిని నాలుగు వాక్యాల్లో రాసి, ఆగస్టు 15న మైకులో చదివితే చాలు. వీరవనిత, ఆణిముత్యం లాంటి బిరుదులు అక్కర్లేదు, ఒకరే ఫస్టు అన్న పోటీ పెట్టనూ కూడదు. ఒక ఏడాది నలుగురుంటే నలుగురికీ ఇవ్వాలి, ఎవరూ లేకపోతే మానేయాలి. ఆ నాలుగు వాక్యాలనే కాండక్ట్ సర్టిఫికెట్ వెనక పేజీలో రాసిస్తే ఇంటర్వ్యూలో ఏ షీల్డుకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

దీనికి కొత్త పథకం అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ బళ్లలో చదివి పైకొచ్చిన పూర్వ విద్యార్థులు రెండు పనులు చేయవచ్చు. మీ తాతగారి పేరు మీదో, అమ్మగారి పేరు మీదో మీ హైస్కూల్లో డిపాజిట్ ఉందేమో హెడ్మాస్టరు గారికి ఫోన్ చేసి కనుక్కోండి, ఉంటే అసలుకు ఇంకొంత కలపండి. కొత్తగా బహుమతి పెట్టాలనుకుంటే లెక్కల్లో ఫస్టుకు ఇప్పటికే చాలామంది దాతలున్నారు, ఈసారి సేవకు పెట్టండి.