వగరు తెలిసిన నాలుక

స్పెయిన్ దేశంలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఇటీవల కొత్తపేట వచ్చి, నన్ను చూచిపోవడానికి మా ఇంటికి వచ్చాడు. మాటల మధ్య ఒక సందేహం వెలిబుచ్చాడు.

"మాస్టారూ, అక్కడివాళ్లు భోజనంతో ఎర్ర వైను పుచ్చుకుంటారండి. దాని రుచి గురించి అరగంటసేపు మాట్లాడగలరు. నాకు 'బాగుంది' తప్ప రెండో మాట రాదు. మన భాషలో ఆ మాటలు లేవాండి?"

నాకు పానం అలవాటు లేదు. దానిని ఎవరికీ ఉపదేశించను. కాని ప్రశ్న పానాన్ని గూర్చినది కాదు, తెలుగును గూర్చినది.

"అది నోట పడగానే ఏమవుతుందో చెప్పు" అన్నాను.

"నాలుక బిగుసుకుంటుందండి. చిగుళ్లు ఆరిపోయినట్లుంటాయి."

"పచ్చి వక్క కొరికినట్లా?"

"అంత కాదండి. నేరేడుపండు తిన్నట్లు."

"మరి పేరు లేకపోవడమేమిటోయ్? అది వగరు!"

మన పెద్దలు షడ్రుచులలో వగరుకు సమానస్థానమిచ్చారు. ఆధునిక శాస్త్రం దానిని రుచిగా గాక స్పర్శగా పరిగణిస్తున్నది. ద్రాక్ష తొక్కలోను, గింజలోను ఉండే టానిన్ అనే పదార్థం లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొనడంతో నోటి నునుపు పోతుంది. ఎర్ర వైనును తొక్కలతోసహా పులియబెడతారు గనుక వగరు అందులోకి దిగుతుంది. స్పెయిన్‌లో ప్రసిద్ధమైన టెంప్రానీయో ద్రాక్షకు ఆ పేరు త్వరగా పండడంవల్ల వచ్చింది. ఓక్ పీపాలలో నిలవచేస్తే ఆ కొయ్యనుండి కూడ కొంత వగరు, కొంత సువాసన చేరుతాయి.

రుచిచూచేవారు మొదట తెల్లని గుడ్డకెదురుగా రంగు చూస్తారు. గ్లాసును తిప్పి వాసన చూస్తారు. గుక్కెడు నోటనుంచి, మింగిన తరువాత ఏది ఎంతసేపు నిలిచిందో గమనిస్తారు. వాసనకు అంత ప్రాధాన్యమెందుకని అడగనక్కరలేదు. జలుబు చేసిననాడు ఎంత మంచి పులుసైనా చప్పగానే ఉంటుంది గదా!

ఏ వంటకు ఏది జోడు అన్న విచారం కూడ మనకు కొత్తది కాదు. చిక్కని టీ డికాక్షన్‌లో పాలు పోయగానే వగరు మెత్తబడుతుంది. పాలలోని మాంసకృత్తులు టానిన్‌ను పట్టుకొనడమే కారణం. రియోహా సీమలో ద్రాక్షకొమ్మల నిప్పులమీద కాల్చిన గొర్రెమాంసంతో, లా మాంచా సీమలో గొర్రెపాల చీజుతో ఎర్ర వైను కుదరడంలోని కిటుకూ అదే. మన పులసపులుసుకు మాత్రం అది జోడు కాదు. మద్యం మిరప మంటను పెంచుతుంది. వైనులోని ఇనుము చేపకు నీచువాసన తెస్తుందని 2009లో జపాను పరిశోధకులు చూపారు. పులుసుకు వేడి అన్నమే సరియైన తోడు.

నా శిష్యుడు చెప్పిన సీసామీద 'సేంద్రియం' అని ఉన్నదట. కృత్రిమమైన పురుగుమందులు వాడని తోట అని దాని అర్థం. వైను తయారీకి కూడ ఐరోపా సమాఖ్య 2012లో సేంద్రియ నియమాలు విధించింది. తీపి మిగలని మామూలు ఎర్ర వైనులో లీటరుకు 150 మిల్లీగ్రాముల వరకు అనుమతించే సల్ఫైట్లు, సేంద్రియమైన దానిలో 100కు మించరాదు. అది సేద్యానికి, తయారీకి హామీయే గాని రుచికి హామీ కాదు. రుచిని నాలుకే తేల్చాలి. తేల్చినదానిని మాటే చెప్పాలి.

నన్ను బాధించినది ఆ మాట లోపించడమే. నేరేడుచెట్ల కింద పెరిగిన కుర్రవాడు 'వగరు' అన్న మాటను పరదేశంలో తడుముకోవలసివచ్చింది. పేరు మరచిన రుచిని నాలుక కూడ క్రమంగా మరచిపోతుంది. అతనికి పాఠం చెప్పినవాడిని నేనే. అందులో నా తప్పూ ఉన్నది.

ఉపాధ్యాయ సోదరులకు ఒక విన్నపం. బడులు తెరిచే రోజుల్లో నేరేడుపండ్లు వస్తాయి. ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క పండు ఇచ్చి, 'బాగుంది' అన్న మాట వాడకుండా దాని రుచి చెప్పమనండి. తరువాత ఉప్పద్దిన పండు ఇచ్చి, ఏమి మారిందో అడగండి. ఆనాటికి అంతకంటె మంచి తెలుగు పాఠం అక్కరలేదు.