మెదడువాపు వ్యాధి, టీకా: కొల్లేటి ప్రాంత తల్లిదండ్రులు తెలుసుకొనవలసిన విషయాలు

ఏలూరు: నీరు నిలిచిన వరిచేలు, వాటిపై వాలే కొంగలు, ఊరి చివర పందుల పెంపకం ఒకేచోట ఉన్న ప్రాంతం జపనీస్ మెదడువాపు వ్యాధి వ్యాప్తికి అనువైనది. ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల వరి పొలాలలోను, కొల్లేటి లంక గ్రామాలలోను ఈ పరిస్థితులు కనిపిస్తాయి. కనుక ఈ వ్యాధి కలిగించే హాని గురించి, టీకా అనంతరం గమనించవలసిన లక్షణాల గురించి తల్లిదండ్రులకు స్పష్టమైన అవగాహన ఉండవలెను.

వ్యాధి వ్యాపించే విధానం

ఈ వ్యాధి వైరస్ కొంగజాతి పక్షులలోను, పందులలోను వృద్ధి చెందుతుంది. వరిచేల నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు దానిని మనుషులకు చేరవేస్తాయి. వ్యాధి ఒక మనిషి నుండి మరొకరికి సోకదు. మన దేశంలో దీనిని తొలిసారిగా 1955లో వేలూరు ప్రాంతంలో గుర్తించారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాలలో ఇది తీవ్రంగా ప్రబలి అనేకమంది పిల్లలను బలిగొన్నది.

మెదడుకు కలిగే హాని

వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికి మాత్రమే వ్యాధి తీవ్ర రూపం దాల్చుతుంది. అట్టివారిలో తీవ్ర జ్వరం, తలనొప్పి, వాంతులు, మూర్ఛలు, అపస్మారక స్థితి కనిపిస్తాయి. వీరిలో నూటికి 30 మంది వరకు మరణించే ప్రమాదం ఉన్నది. బ్రతికినవారిలో నూటికి 20 నుండి 30 మందికి పక్షవాతం, మాట పడిపోవుట, జ్ఞాపకశక్తి లోపించుట వంటి శాశ్వత వైకల్యాలు మిగులుతాయి. ఈ వైరస్‌ను నశింపజేసే ఔషధం లేదు. అందుచేత నివారణయే ప్రధాన మార్గం.

టీకా వలన హాని కలుగునా?

ఈ సందేహం సహజమైనది. పూర్వం ఎలుక మెదడు కణజాలంతో తయారైన టీకా వాడుకలో ఉండేది. దానిని వేసిన అనంతరం అత్యంత అరుదుగా కొందరిలో మెదడు, వెన్నుపాములలో వాపు కనిపించినది. టీకాయే కారణమని నిర్ధారణ కాకపోయినను, 2005లో జపాన్ ప్రభుత్వం ఆ టీకాను సిఫారసు చేయుట నిలిపివేసినది. తదుపరి ఎలుక మెదడుతో నిమిత్తం లేని కొత్త టీకాలు దాని స్థానాన్ని పొందినవి. మన దేశంలో 2006 నుండి బలహీనపరచిన వైరస్‌తో కూడిన టీకాను ఎంపిక చేసిన జిల్లాలలో ప్రవేశపెట్టడమైనది. 9వ నెల నిండిన తరువాత ఒక మోతాదు, 16 నుండి 24 నెలల మధ్య రెండవ మోతాదు వేస్తారు. తమ గ్రామంలో ఈ టీకా లభ్యత గురించి ఏ.ఎన్.ఎం.ను గాని, ఆశా కార్యకర్తను గాని అడిగి తెలుసుకొనవలెను.

టీకా తరువాత వచ్చిన ప్రతి అనారోగ్యం టీకా వలన వచ్చినది కాదు. దోమ కుట్టిన 4 నుండి 14 రోజులకు గాని వ్యాధి బయటపడదు. టీకాకు ముందే వైరస్ సోకిన బిడ్డకు టీకా తరువాత జ్వరం రావచ్చును. అట్లని ఫిర్యాదును తోసిపుచ్చరాదు. తీవ్రమైన ప్రతి సంఘటనను నమోదు చేసి, కారణాన్ని విచారణ ద్వారానే నిర్ణయించవలెను.

ఈ టీకా జపనీస్ మెదడువాపు నుండి మాత్రమే రక్షణ ఇస్తుంది. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో మెదడు జ్వరం సోకిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు. ఇసుక ఈగల ద్వారా వ్యాపించే చండీపురా వైరస్ అందుకు కారణమని పరిశోధకులు గుర్తించారు. కావున టీకా పొందిన బిడ్డకైనను జ్వరంతో పాటు మూర్ఛ వచ్చినచో అశ్రద్ధ చేయరాదు.

తల్లిదండ్రులు పాటించవలసినవి

• టీకా వేయించిన తరువాత అరగంటసేపు కేంద్రం వద్దనే ఉండవలెను.
• స్వల్ప జ్వరం, సూది వేసినచోట నొప్పి, వాపు ఒకటి రెండు రోజులలో తగ్గిపోతాయి.
• ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు, మూర్ఛ, మగత కనిపించినచో 108కు ఫోన్ చేయవలెను.
• మూర్ఛ వచ్చిన బిడ్డను ఒక ప్రక్కకు ఒత్తిగిల్లునట్లు పడుకోబెట్టవలెను. నోటిలో నీరు పోయరాదు. చేతిలో తాళంచెవులు పెట్టి కాలయాపన చేయరాదు.
• టీకా కార్డును ఆసుపత్రికి వెంట తీసుకొని వెళ్లవలెను.
• పిల్లలను దోమతెరలో పడుకోబెట్టవలెను. పందులను నివాసాలకు దూరంగా ఉంచవలెను.

వర్షాకాలంలో లంక గ్రామాల నుండి ఆసుపత్రికి చేరుటకు అధిక సమయం పట్టవచ్చును. కావున తెల్లవారే వరకు వేచి చూడక, తొలి లక్షణం కనిపించగానే బయలుదేరుట బిడ్డ ప్రాణానికి రక్ష.