భయపెట్టే సినిమాలు పిల్లలు చూడవచ్చునా?

"సిస్టరమ్మా, దయ్యం సినిమా చూసినప్పటి నుండి వీడు రాత్రిళ్ళు కేకలు వేస్తున్నాడు, ఏమైనా జబ్బా?" అని పిల్లల వార్డులో తల్లులు తరచుగా అడుగుతుంటారు. చాలావరకు జబ్బు కాదు. అలాగని వదిలేయవలసిన విషయమూ కాదు.

మూడు నాలుగేళ్ళ బిడ్డకు తెర మీద కనబడేదంతా నిజమే. "అది ఉత్తిదే నాన్నా" అంటే తల ఊపుతాడు గాని లోపల నమ్మడు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఏది కల్పనో చాలావరకు తెలుస్తుంది. అయితే అప్పుడు దొంగలు, మంటలు, అమ్మానాన్నలకు ఏమైనా అవుతుందేమో అనే భయాలు మొదలవుతాయి. అందువలన ఆ వయసు వారిని దయ్యం కంటే, అన్నం తినేటప్పుడు టీవీ వార్తల్లో పదే పదే చూపించే ప్రమాదాలే ఎక్కువ కలవరపెట్టవచ్చు. పెద్దలు దీనిని గమనించరు.

మరి అమ్మమ్మలు దయ్యాల కథలు చెప్పలేదా, చందమామలో బేతాళ కథలు మనం చదవలేదా అంటారు. నిజమే. కాని కథ వినేటప్పుడు బిడ్డ రాక్షసుణ్ణి తన మనసులో తానే ఊహించుకుంటాడు, తట్టుకోగలిగినంతే ఊహించుకుంటాడు. వాడి ముఖం చూసి అమ్మమ్మ గొంతు తగ్గిస్తుంది, రాక్షసుణ్ణి తొందరగా చంపేస్తుంది. సినిమాకు మీ బిడ్డ ముఖం కనబడదు. పైగా హఠాత్తుగా వచ్చే ఆ శబ్దానికి పెద్దవారికే గుండె దడదడలాడుతుంది. కాబట్టి కథలు మానవద్దు. చివరకు మేలు జరిగే కథలో కొంచెం భయం ఉన్నా ఫరవాలేదు.

హాలుకు వెళ్ళేముందు సర్టిఫికెట్ చూడండి. 'ఎ' అంటే 18 ఏళ్ళు నిండినవారికే. 2023లో చట్టం సవరించిన తరువాత 'యుఎ'ను 7, 13, 16 ఏళ్ళు అని మూడుగా విభజించారు. అయితే ఫోనులో పెద్ద పిల్లలు చిన్నవారికి చూపించే ముక్కలకు ఏ సర్టిఫికెట్టూ ఉండదు. అక్కడ కాపలా మీరే.

రాత్రి ఏడుపు రెండు రకాలు. తెల్లవారుజామున లేచి, కల చెప్పి, మిమ్మల్ని కరచుకుంటే అది పీడకల. దీపం వేసి, దగ్గర పడుకోబెట్టుకోండి. పడుకున్న ఒకటి రెండు గంటలకే కళ్ళు తెరిచి కేకలు వేస్తూ, మిమ్మల్ని గుర్తుపట్టకుండా, ఉదయం ఏమీ జ్ఞాపకం లేకపోతే అది వేరు. అప్పుడు కుదిపి లేపవద్దు, నీళ్ళు చల్లవద్దు. కిందపడకుండా చూస్తే కొద్ది నిమిషాల్లో తానే పడుకుంటాడు. కాళ్ళు చేతులు కొట్టుకోవడం, నురగ రావడం ఉంటే అది ఫిట్స్ కావచ్చు, వెంటనే తీసుకురండి. భయంతో బడి మానినా, మానిన పక్కతడపడం మళ్ళీ మొదలై వారాల తరబడి తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది "దడుపు జ్వరం" అనే మాట. బిడ్డ దడుచుకున్నాడని తాయెత్తు కట్టించి, నాలుగైదు రోజులు ఆగి తీసుకువస్తారు. జ్వరం ఎక్కువైనప్పుడు బిడ్డ కలవరిస్తాడు, ఎవరో వస్తున్నారంటాడు. ముందు జ్వరం, తరువాత భయం. మనం దానిని తలకిందులుగా అర్థం చేసుకుంటున్నాము. అది మలేరియా కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, మెదడువాపు కావచ్చు. కలవరింత, మత్తు, మెడ బిగుసుకోవడం ఉంటే తెల్లవారేదాకా ఆగవద్దు.

ఇంకొకటి. అన్నం తినకపోతే "సిస్టరు వచ్చి సూది వేస్తుంది" అని బెదిరిస్తారు. దయ్యం ఎప్పుడూ రాదు గాని సిస్టరు నిజంగానే వస్తుంది కదా! అలా పెరిగిన బిడ్డ జ్వరంతో వచ్చినప్పుడు చెయ్యి చాపడు. ముగ్గురం గట్టిగా పట్టుకుంటే గాని సెలైను ఎక్కించలేము.