శస్త్రవైద్యుని పొది

శస్త్రచికిత్స యనగానే మనకు కత్తి జ్ఞప్తికి వచ్చును. కాని కత్తి యొక్కటితో నేపనియు జరుగదు. రక్తనాళములను బిగించు పటకార్లు, కండలను ప్రక్కకు లాగి పట్టు కొక్కెములు, పలువిధములగు కత్తెరలు మున్నగువాని నొక పళ్లెమున నమర్చి, గుడ్డ చుట్టి, ఆవిరియంత్రమున శుద్ధిచేసి యుంచెదరు. అమ్ములకు పొది యున్నట్లే వీనికిని పొది యను పేరు తగునని తలంచి యామాటనే వాడుచున్నాము.

ఈ పొది యేటేట పెరుగును. ఒక వైద్యుడు తన కలవాటైన కత్తెరను చేర్పించును. ఆయన వేఱొక యూరికి పోవును. కత్తెర మాత్రము పోదు. మన యిండ్లలో నటకమీది సామానువలె చేరుటయే గాని తఱుగుట లేదు. అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరిశీలనయందు, విప్పిన పనిముట్లలో వాడబడినవి ఆయా శాఖలనుబట్టి నూటికి 13 మొదలు 22 వఱకు మాత్రమే యని తేలెను.

వాడనివి ప్రక్కన పడియున్న నేమి నష్టమని చదువరు లడుగవచ్చును. పొది విప్పినతోడనే యందలి ప్రతి పనిముట్టును మలినమైనట్లే లెక్క. ముట్టనిదానినిగూడ తోమి, కీలు పరీక్షించి, మరల చుట్టవలయును. నీరు మరుగు వేడికి చావని సూక్ష్మజీవులు గలవు గనుక, సామాన్యమైన యావిరియంత్రమున 121 డిగ్రీల వేడియం దఱగంట యుంచి, పిదప నారబెట్టవలయును. బరువైన పొది సరిగా నారదు. తడిసిన గుడ్డ సూక్ష్మజీవులకు దారి యిచ్చును. అందుచేతనే అమెరికా ప్రమాణములు పొది బరువు 25 పౌనులు మించరాదని విధించుచున్నవి.

అన్నిటికంటె ముఖ్యమైనది లెక్క. చికిత్సకు ముందు నర్సు పనిముట్లను లెక్కించును. గాయము కుట్టకమునుపు మరల లెక్కించును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన సరిచూచు పట్టికలోను, రోగి గదిని విడువకమున్నే యీ లెక్క పూర్తికావలెనని కలదు. నూఱింటిలో నొకటి తక్కువైన, అది రోగి కడుపులో నున్నదో, గుడ్డలక్రింద నున్నదో తెలియువఱకు నెవ్వరికిని నెమ్మది యుండదు. అంతసేపును రోగి మత్తుమందులోనే యుండును. నెత్తురు చిమ్మునప్పుడు కావలసిన పటకారును అక్కఱలేని నలువదింటి నడుమ వెదకుటయు నిట్టిదే.

కావున వైద్యులును నర్సులును గూడి, కొన్ని చికిత్సలలో వాడినవానిని గుర్తువేసి, తక్కినవానిని తీసివేయుదురు. ఇందు నర్సుల మాటకు బరువెక్కువ యుండవలె నని మా యభిప్రాయము. ఏలయన వైద్యుడు చేయి చాచును, వెదకునది వారే. అయినను వాడుక లెక్కయే సర్వము కాదు. పెద్ద రక్తనాళము తెగినప్పుడు వలయు పటకారు ఏడాది కొక్కసారియు వాడబడకపోవచ్చును. అట్టివానిని తీసి దూరపు బీరువాలో పెట్టుట ప్రాణాంతకము. వానిని వేఱుగ చుట్టి, శుద్ధిచేసి, పైన పేరు వ్రాసి, ఆపరేషను గదిలోనే చేతి కందునట్లుంచవలయును. మిగిలిన పనిముట్లు సరిపోయినచో వానితో రెండవ పొదిని కూర్పవచ్చును. అప్పుడు మొదటిది యావిరియంత్రమున నుండగనే మఱియొక రోగికి చికిత్స మొదలిడవచ్చును.